సుబ్బారావు అనే పేరు: దాని పుట్టుక, అర్థం, తగ్గిపోయిన వాడుక

కలువకొలను:
అందరికీ నమస్కారం. నాకు ఇప్పుడు ఏడో నెల. మా నాన్నగారు కాలం చేసి సంవత్సరం కావస్తోంది. మగపిల్లవాడు పుడితే ఆయన పేరు పెట్టుకోవాలని నా మనసులో గట్టిగా ఉంది. ఆయన పేరు సుబ్బారావు. మా వారికి అభ్యంతరం లేదు కానీ, అత్తగారి వైపు పెద్దలు మాత్రం ఈ రోజుల్లో ఆ పేరు ఎవరు పెడుతున్నారని, బడిలో తోటి పిల్లలు ఏడిపిస్తారని వెనకాడుతున్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. నన్ను బాధపెట్టింది మాత్రం ఒక బంధువు అన్న మాట. సుబ్రహ్మణ్యం అనే మంచి పేరును నోరు తిరగనివాళ్ళు పాడుచేయగా మిగిలిన ముక్కే సుబ్బ అని, దానికి సొంతంగా అర్థమంటూ ఏమీ లేదని ఆయన తేల్చేశారు. మా అమ్మ ఆ మాట విని ఏమీ అనలేదు. ఆమె నాన్నగారి పేరు ఒక్కసారైనా పలకగా నేను వినలేదు. ఎవరైనా అడిగితే నన్ను ముందుకు తోసి చెప్పమనేది.

ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది, నిజంగా దాని అర్థం ఏమిటి, ఒకప్పుడు ఇంటింటా ఉన్న పేరు ఇప్పుడు పిల్లల్లో ఎందుకు కనిపించడం లేదు అన్న సంగతులు తెలిసినవారు వివరంగా రాస్తే, పెద్దలతో మాట్లాడే ధైర్యం నాకు వస్తుంది.

పాతపుస్తకం:
కలువకొలను గారూ, మీ బంధువు చెప్పినదాంట్లో సగం సరైనదే. సుబ్బ అనేది సుబ్రహ్మణ్య శబ్దం నుంచే వచ్చింది. అయితే పాడుచేయడం అన్న మాటను నేను ఒప్పుకోను. సంస్కృత పదం తెలుగు నోటికి వచ్చినప్పుడు అందులోని సంయుక్తాక్షరం తెలుగు ఉచ్చారణకు తగినట్టు మారడం మన భాషకు మొదటి నుంచి ఉన్న గుణం. నిద్ర నిద్దుర అయింది, యాత్ర జాతర అయింది, లక్ష్మి లచ్చి అయింది, గృధ్రము గద్ద అయింది. జాతర అన్నవారిని యాత్రను పాడుచేశారని ఎవరూ అనరు కదా. అదే దారిలో బ్ర అన్న చోట బ్బ వచ్చి, పొడుగాటి మాట మొదటి రెండక్షరాల దగ్గర ఆగిపోయి సుబ్బ నిలిచింది.

ఇక మూలపదం సంగతి. సు అంటే మంచి అని, బ్రహ్మణ్య అంటే బ్రహ్మానికి, అంటే వేదానికీ వేదజ్ఞానానికీ సంబంధించినది లేదా హితమైనది అని అర్థం. మనకు సుబ్రహ్మణ్యుడు అనగానే కుమారస్వామి గుర్తుకు వస్తాడు కానీ, వైదిక కర్మకాండలో అది ముందుగా ఒక ఋత్విజుడి, అంటే యాగం జరిపించే పురోహితుడి పేరు. సోమయాగంలో 16 మంది ఋత్విజులు ఉంటారు. వారిలో ఉద్గాత, ప్రస్తోత, ప్రతిహర్త, సుబ్రహ్మణ్యుడు అనే నలుగురు సామవేదానికి చెందినవారు. ఇంద్రుణ్ణి యాగానికి రమ్మని ఎలుగెత్తి పిలవడం ఈ నాలుగోవాడి పని. ఆ పిలుపును కూడా సుబ్రహ్మణ్యా అనే అంటారు. కాలక్రమంలో ఆ మాట శివకుమారుడికి స్థిరపడింది. కాబట్టి అర్థం లేని ముక్క అన్న మాటకు ఆధారం లేదు.

మల్లెపందిరి:
పాతపుస్తకం గారికి ఒక ప్రశ్న. సుబ్బ అనేది శుభ శబ్దం నుంచి వచ్చిందని, సుబ్బమ్మ అంటే శుభప్రదమైన తల్లి అని మా ఇంట్లో చెప్పేవారు. నా పేరు సుబ్బలక్ష్మి. శుభలక్ష్మి అనే దాని వాడుక రూపమే నా పేరు అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది తప్పా?

పాతపుస్తకం:
ఆ వివరణ వినడానికి బాగుంటుంది కానీ, నాకు రెండు కారణాల వల్ల అది నమ్మదగినదిగా తోచదు. మొదటిది, శుభ శబ్దంలో బ మీద ఒత్తు రావడానికి కారణమైన సంయుక్తాక్షరం ఏదీ లేదు. శుభం అన్న మాటను పల్లెల్లో సుబం అంటారు గాని సుబ్బం అనరు. రెండవది, ఇంతకంటే బలమైనది: కోస్తా జిల్లాల్లో దేవుడినే సుబ్బారాయుడు అని పిలుస్తారు. మార్గశిర శుద్ధ షష్ఠిని పంచాంగం సుబ్రహ్మణ్య షష్ఠి అంటే, జనం సుబ్బారాయుడి షష్ఠి అంటారు. దేవుడి పేరే ఈ రూపంలో వాడుకలో ఉన్నప్పుడు మనిషి పేరుకు మరో మూలం వెతకనక్కరలేదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. నేపాల్ తూర్పు ప్రాంతంలోనూ సిక్కింలోనూ సుబ్బా అనే ఇంటిపేరు వినిపిస్తుంది. అది అక్కడి లింబూ తెగ నాయకులకు ఇచ్చిన పదవి పేరు. దానికీ మన సుబ్బకూ చుట్టరికం లేదు, కేవలం వినికిడిలో పోలిక మాత్రమే.

గోదారిగట్టు:
షష్ఠి మాట వచ్చింది కాబట్టి ఆగలేక రాస్తున్నాను. ఈ పేరు ఎందుకు అంతగా వ్యాపించిందో తెలియాలంటే వ్యాకరణం కంటే ముందు పుట్ట దగ్గరికి వెళ్ళాలి.

మా ప్రాంతంలో సుబ్రహ్మణ్యేశ్వరుడు నెమలి వాహనం మీద వేలాయుధం పట్టుకున్న యువకుడిగా కంటే పాము రూపంలోనే ఎక్కువగా పూజలు అందుకుంటాడు. కృష్ణా జిల్లా మోపిదేవిలో స్వామి సర్పం చుట్టల మీద లింగరూపంలో ఉంటాడు. తూర్పు గోదావరి బిక్కవోలులో షష్ఠి తీర్థం ఎంత పెద్దదో చూసినవారికి తెలుసు. కార్తిక శుద్ధ చవితి నాడు, అంటే నాగుల చవితి నాడు, పుట్టలో పాలు పోసేటప్పుడు మా నాయనమ్మ స్వామిని సుబ్బారాయుడా అనే పిలిచేది. పెరట్లో పాము కనబడితే పాము అని నోటితో అనేది కాదు. సుబ్బారాయుడు వచ్చాడు, దారి ఇవ్వండి అని చెప్పి, అందరినీ వెనక్కి జరిపి, చేతులు జోడించి నిలబడేది. ఆ గొంతులో భయం, భక్తి రెండూ ఉండేవి.

సంతానం కలగనివారూ, పుట్టిన బిడ్డలు దక్కనివారూ ఈ స్వామికి మొక్కుకునేవారు. బిడ్డ పుడితే నీ పేరే పెట్టుకుంటాము అన్నది ఆ మొక్కులో భాగం. నాగప్రతిష్ఠ చేయించి, పేరు పెట్టుకుని, పుట్టువెంట్రుకలు సమర్పించి మొక్కు చెల్లించేవారు. బిడ్డ బతకడమే గండంగా ఉన్న కాలంలో ఆ పేరు ఒక రక్ష. నాగేశ్వరరావు, నాగమణి, శేషయ్య, ఫణీంద్ర అన్న పేర్లలో చాలావాటి వెనుక కూడా ఇదే మొక్కు ఉంటుంది. ఒకే తల్లి కడుపున సుబ్బారావు, నాగమణి, శేషగిరి పుట్టారంటే ఆ ఇంట్లో ఎన్ని కన్నీళ్ళు, ఎన్ని ప్రదక్షిణలు జరిగి ఉంటాయో నేను ఊహించుకోగలను. కలువకొలను గారూ, వీలైతే మీ నాన్నగారికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఇంట్లో పెద్దలను అడగండి.

తుంగభద్ర:
మాది కన్నడ సరిహద్దు. ఇటువైపు సంగతి కొంత కలుపుతాను. కన్నడంలోనూ సుబ్బయ్య, సుబ్బణ్ణ, సుబ్బారావు పేర్లు ఉన్నాయి. కుక్కె సుబ్రహ్మణ్య క్షేత్రం ప్రభావం అక్కడ ఎంతో ఎక్కువ. కర్ణాటక తీరప్రాంతంలో సుబ్రాయ అనే రూపం ఉంది. సుబ్రహ్మణ్యానికీ సుబ్బారాయుడికీ నడుమ మెట్టులా అది నాకు కనిపిస్తుంది. తమిళులు కూడా సుబ్బయ్య, సుబ్బు అంటారు. సుబ్రహ్మణ్య భారతిని చిన్నతనంలో సుబ్బయ్య అనే పిలిచేవారు. అయితే తమిళులకు ఇంకొక అలవాటు ఉంది. వారు అదే పేరు చివరి భాగాన్ని తీసుకుని మణి, మణియం అని కూడా పిలుస్తారు. మనవారు తలను పట్టుకుంటే వారు తోకను కూడా పట్టుకున్నారు.

రాయలసీమలో, నెల్లూరులో సుబ్బారెడ్డి, సుబ్బన్న, సుబ్బనరసయ్య, వెంకటసుబ్బయ్య వంటి పేర్లు విరివిగా ఉండేవి. అన్నదమ్ములిద్దరికీ అదే పేరు పెట్టి పెద్దసుబ్బన్న, చిన్నసుబ్బన్న అని పిలిచిన ఇళ్ళు మా తాలూకాలోనే ఉన్నాయి. ఈ పేరుకు కులం అడ్డు కాలేదు. రావు, రెడ్డి, రాజు, నాయుడు, శెట్టి, అయ్య, అన్న అన్నీ దాని పక్కన చేరాయి.

ఓరుగల్లు బాటసారి:
తెలుగువారందరిలో ఈ పేరు ఒకే తీరుగా ఉందని అనుకోవద్దని మనవి. మా తెలంగాణ పల్లెల్లో సుబ్బయ్యలు, సుబ్బారావులు తక్కువ. మా తాతల తరంలో మల్లయ్య, కొమురయ్య, రాజయ్య, లింగయ్య, ఎల్లయ్య, యాదగిరి, నర్సయ్య పేర్లే ఎక్కువ. కారణం సులభంగానే తెలుస్తుంది. మాకు మొక్కులు కొమురెల్లి మల్లన్నకు, వేములవాడ రాజన్నకు, యాదగిరి నరసింహస్వామికి, ఎల్లమ్మ తల్లికి. ఉత్తరాంధ్ర వెళితే అప్పలనాయుడు, సింహాచలం, పైడితల్లి పేర్లు వినిపిస్తాయి. ఏ ఊరి పేర్ల పట్టిక చూసినా ఆ ఊరి జనం ఏ గుడికి నడిచి వెళ్ళేవారో తెలిసిపోతుంది.

అయినా లేనే లేదని చెప్పలేను. భారతదేశం నా మాతృభూమి అని మొదలయ్యే ప్రతిజ్ఞను 1962లో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు నల్లగొండ జిల్లా అన్నెపర్తివారు. దేశంలోని బడిపిల్లలు రోజూ చదివే ఆ మాటలు ఒక సుబ్బారావు రాసినవి.

శ్రుతిలయ:
రావు అనే భాగం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. రాజ శబ్దం ప్రాకృతంలో రాయ అయింది. దాని నుంచే మనకు రాయలు, రాయుడు, రావు వచ్చాయి. కాబట్టి సుబ్బారాయుడు, సుబ్బారావు, సుబ్బరాజు అన్న మూడూ అర్థంలో ఒక్కటే. చిన్న విశేషం గమనించండి. రావు ముందు, రెడ్డి ముందు సుబ్బకు దీర్ఘం వస్తుంది: సుబ్బారావు, సుబ్బారెడ్డి. రాజు ముందు రాదు: సుబ్బరాజు. సుబ్బలక్ష్మి, సుబ్బరామయ్య అన్నప్పుడూ రాదు. అప్పారావు, రామారావు, కృష్ణారావు, కృష్ణారెడ్డి పేర్లలోనూ ఇదే తీరు. ఎవరూ నేర్పకుండానే ప్రతి తెలుగువాడూ ఆ దీర్ఘాన్ని సరైన చోట పలుకుతాడు. పరాయి ముక్క అయితే ఇంత నియమం ఉండదు.

సంగీతంలో ఈ పేరుకు ఉన్న గౌరవం వేరు. శ్యామశాస్త్రి గారి కుమారుడు సుబ్బరాయశాస్త్రి గారు 1803లో జన్మించి 1862 వరకు జీవించారు. ఆయన కృతులు తెలుగులో ఉన్నాయి. సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథం లేకపోతే ముత్తుస్వామి దీక్షితుల కృతులలో ఎన్నో మనకు ఈ రూపంలో దక్కేవి కావు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి పేరును ఎవరైనా మోటు అనగలరా? 1998లో భారతరత్న అందుకున్న పేరు అది. అదే సుబ్బ ఒక మగవాడి పేరు ముందు ఉంటే నవ్వు ఎందుకు రావాలో నాకు అర్థం కాదు.

పాతపుస్తకం:
శ్రుతిలయ గారి దీర్ఘం విశేషం చాలా బాగుంది. రోమన్ లిపిలో ఈ పేరు పడిన పాట్లు కూడా చెప్పుకోదగినవి. ఒంగోలులో 1784లో పుట్టి, మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడిగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు గారు ఇంగ్లీషులో రాసుకున్న ఆత్మకథను ఆయన మరణానంతరం 1873లో కుమారుడు అచ్చు వేయించారు. ఆ పుస్తకం మీద ఆయన పేరును ఇంగ్లీషువారు చదివితే సూబ్రో అని వినిపించేలా ముద్రించారు. తరువాతి తరంలో దివ్యజ్ఞాన సమాజంలో పేరుపొందిన తల్లాప్రగడ సుబ్బారావు గారి పేరులో రావు చివర డబ్ల్యూ అక్షరం ఉంటుంది. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారూ చివర డబ్ల్యూతోనే, రెండు మాటలూ కలిపి రాసుకున్నారు. ఇప్పుడు మనం చివర ఓ అక్షరం వాడుతున్నాం.

వాడుక ఎంత దట్టంగా ఉండేదో చూపడానికి లెక్కలు అవసరం లేదు, పుట్టిన సంవత్సరాలు చూస్తే చాలు. కవి రాయప్రోలు సుబ్బారావు గారు 1892లో పుట్టారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఎంకిని తెలుగు ఇళ్ళకు పరిచయం చేసిన నండూరి వెంకట సుబ్బారావు గారిదీ 1895వ సంవత్సరమే. భారత ప్రధాన న్యాయమూర్తిగా 1967లో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి అధ్యక్షత వహించిన కోకా సుబ్బారావు గారు 1902లో పుట్టారు. పదేళ్ళ వ్యవధిలో నలుగురు, మూడు వేర్వేరు రంగాల్లో! ఆడపేరు కావాలంటే, సహాయ నిరాకరణ ఉద్యమంలో జైలుకు వెళ్ళిన దువ్వూరి సుబ్బమ్మ గారు ఉన్నారు. రిజర్వు బ్యాంకు గవర్నరుగా 2008 నుంచి 2013 వరకు పనిచేసిన దువ్వూరి సుబ్బారావు గారు 1949లో పుట్టారు. ఆయన తరువాతి తరంలో ఈ పేరు ఉన్న ప్రసిద్ధులను వెతకడం కష్టమవుతుంది.

కలువకొలను:
యల్లాప్రగడ వారి పేరు చదివి ఒక్క క్షణం ఆగిపోయాను. నాకు మూడో నెల నిండేదాకా రోజూ వేసుకోమని వైద్యురాలు ఇచ్చిన ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఆయన ఆధ్వర్యంలోని పరిశోధక బృందమే 1940లలో తొలిసారి ప్రయోగశాలలో తయారుచేసిన పదార్థమని ఇప్పుడు చదివి తెలుసుకున్నాను. బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడాలని ఆ మాత్ర ఇస్తారు. బిడ్డ దక్కాలని సుబ్బారాయుడికి మొక్కుకోవడం గురించి గోదారిగట్టు గారు రాశారు. నా బిడ్డ కోసం నేను రోజూ మింగిన మాత్ర వెనుక కూడా ఒక సుబ్బారావు ఉన్నారని తెలిశాక నాకు మాట రాలేదు.

పెద్దమ్మను అడిగాను. మా నాన్నగారికి ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారట. మా నాయనమ్మ మోపిదేవిలో మొక్కుకున్నదట. ఈ సంగతి నాన్నగారు ఎన్నడూ నాతో చెప్పలేదు.

పాతపుస్తకం:
యల్లాప్రగడ వారి గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. లాటిన్ పద్ధతిలో పెట్టిన శాస్త్రనామంలో కూడా సుబ్బ చెక్కుచెదరలేదు.

బడిపంతులు:
నేను ముప్ఫయి ఏళ్ళకు పైగా కోస్తాలోని బడుల్లో పనిచేసి విరమించాను. హాజరు పట్టీ పిలవడం నా దినచర్య కాబట్టి పేర్లు మారడాన్ని కళ్ళారా చూశాను. నేను చేరిన కొత్తలో ఒక్క తరగతిలో ముగ్గురు సుబ్బారావులు, ఒక వెంకటసుబ్బయ్య, ఇద్దరు సుబ్బలక్ష్ములు ఉండేవారు. ఇంటిపేరు మొదటి అక్షరంతో పిలిస్తే తప్ప ఎవరు పలకాలో తెలిసేది కాదు. తరువాత రవి, ప్రసాద్, కిరణ్, శ్రీనివాస్ వచ్చారు. నేను విరమించే నాటికి పట్టీలో ఒక్క సుబ్బారావు లేడు. అయితే నా మాట జాగ్రత్తగా వినండి. ఆ పట్టీలోనే ఇద్దరు కార్తికేయలు, ఒక షణ్ముఖ, ఒక స్కంద ఉన్నారు. ఆ నలుగురి తల్లిదండ్రుల్లో ఇద్దరు నాతో మోపిదేవి మొక్కు సంగతి చెప్పారు.

ఆరు ముఖాలవాడు షణ్ముఖుడు, కృత్తికలు పెంచినవాడు కార్తికేయుడు, స్కందుడూ ఆ స్వామే. దేవుడు మారలేదు, మొక్కు మారలేదు, గుడి దగ్గర వరుస తగ్గలేదు. పేరు మాత్రం తెలుగు రూపం వదిలి మళ్ళీ సంస్కృత రూపానికి వెళ్ళింది. కాబట్టి సుబ్బారావు అనే పేరు పోయిందనడం కంటే, సుబ్బ అనే తెలుగు ఉచ్చారణను మనం వదులుకున్నామనడం నిజానికి దగ్గరగా ఉంటుంది. నాకు ఇదే బాధ.

మల్లెపందిరి:
బడిపంతులు గారి చివరి మాటకు నేను సాక్ష్యం చెప్పగలను. నా పదో తరగతి ధ్రువపత్రంలో సుబ్బలక్ష్మి అని ఉంటుంది. కళాశాలలో చేరిన రోజున పక్కన కూర్చున్న అమ్మాయి పేరు అడిగితే లక్ష్మి అని చెప్పాను. ఎందుకు అలా చెప్పానో అప్పుడు నాకే తెలియదు. సుబ్బి పెళ్ళి ఎంకి చావుకు వచ్చిందన్న సామెతను ఎవరైనా అంటే నాకు చెవులు వేడెక్కేవి. నాటకాల్లో, సినిమాల్లో ఇంటి పనివాడికో అమాయకుడికో సుబ్బయ్య అని పేరు పెట్టడం చూసి చూసి, ఆ పేరు మన తెలివిని తక్కువ చేసి చూపుతుందని నా తరం నమ్మింది. అప్పటి నుంచి ఉద్యోగం అంతా లక్ష్మిగానే నడిచింది.

మా అమ్మమ్మ పేరూ సుబ్బలక్ష్మే. ఆమె పోయాక నాకు వచ్చిన ఇత్తడి బిందె మీద, మూతి కింద, సన్నని మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టి రాసిన పేరు ఉంది. తోమి తోమి కొన్ని చుక్కలు అరిగిపోయాయి. రెండో అక్షరమైన బ, దాని కింది వత్తు మాత్రం వేలికి ఇప్పటికీ తగులుతాయి. నేను నా పేరులోంచి తీసేసిన అక్షరాలు అవే.

గోదారిగట్టు:
మల్లెపందిరి గారూ, ఆ సామెతను మరొక విధంగా చూడమని కోరుతున్నాను. సామెతలో పెట్టుకునే పేరు ఊళ్ళో ప్రతివారికీ తెలిసినదై ఉండాలి. సుబ్బి వెనుక సుబ్బారాయుడు, ఎంకి వెనుక తిరుమల వెంకన్న ఉన్నారు. ఆ రెండూ ప్రతి వీధిలో వినిపించే ఆడపిల్లల పేర్లు కాబట్టే సామెతకు ఎక్కాయి. అందులో చిన్నచూపు లేదు.

ఓరుగల్లు బాటసారి:
పేరు తగ్గడానికి సిగ్గు ఒక్కటే కారణమని నేను అనుకోను. ఇంట్లో ఆరుగురు, ఎనిమిదిమంది పిల్లలు ఉన్న రోజుల్లో తాతల పేర్లు, అమ్మమ్మ నాయనమ్మల పేర్లు, ఇలవేల్పు పేరు, మొక్కుకున్న దేవుడి పేరు అన్నింటికీ చోటు దొరికేది. ఇప్పుడు ఒక్కరో ఇద్దరో. ఆ ఒక్క పేరు మీద నాలుగు వైపుల నుంచి కోరికలు వచ్చి పడతాయి. ఎవరి మాటా నెగ్గక, చివరికి అందరికీ కొత్తదైన పేరు పెడతారు. దానికితోడు నక్షత్రాన్ని బట్టి అక్షరం చూసుకునే పట్టింపు పెరిగింది. శతభిషం నాలుగో పాదానికి సూ అక్షరం వస్తుంది. ఆ పాదంలో పుట్టని బిడ్డకు సుబ్బారావు అని పెట్టడానికి కొందరు జంకుతారు. మా తాతల కాలంలో జాతకంలోని పేరు జాతకంలోనే ఉండేది, పిలిచే పేరు తాతది ఉండేది.

తుంగభద్ర:
కాగితాల బెడద కూడా ఒక కారణం. మా పెదనాన్నగారు వెంకట సుబ్బారావు. భూమి పట్టాలో వెంకట సుబ్బయ్య అని, ఉద్యోగపు పత్రాల్లో వి.ఎస్. రావు అని, ఆధార్‌లో సుబ్బ, రావు రెండు మాటలుగా విడిపోయి ఉండేవి. ఆయన పోయాక పెద్దమ్మకు పింఛను మార్పించడానికి ఒక కార్యాలయం చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను. ఈ నాలుగు పేర్లూ ఒక్క మనిషివేనని చెప్పడానికి ప్రమాణపత్రం రాయించవలసి వచ్చింది. విదేశం వెళ్ళిన మా అన్న విషయంలో అక్కడివారు రావును ఇంటిపేరుగా తీసుకుని, సుబ్బను ఒక్కదాన్నే సొంత పేరుగా రాశారు. కలువకొలను గారు ఈ పేరు పెట్టాలని నిశ్చయించుకుంటే, జనన నమోదు రోజునే తెలుగులోనూ రోమన్ లిపిలోనూ ఒకే మాటగా, ఖాళీ లేకుండా రాయించండి. తరువాత ప్రతి పత్రంలోనూ అదే రూపం ఉండేలా చూసుకోండి.

బడిపంతులు:
తుంగభద్ర గారి సలహాను బలపరుస్తున్నాను. బడిలో చేర్చేటప్పుడు రాసే పేరే పదో తరగతి పత్రంలోకి వెళుతుంది. దాన్ని సరిచేయించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇక పిల్లలు ఏడిపిస్తారన్న భయానికి నా అనుభవం చెబుతాను. తరగతిలో ముగ్గురికి ఉన్న పేరు కంటే ఒక్కడికే ఉన్న పేరును పిల్లలు త్వరగా గౌరవిస్తారు. ఎందుకు పెట్టారో ఆ బిడ్డకు తెలిసి ఉండాలి, అంతే. మా తాతగారి పేరు అని తల ఎత్తి చెప్పిన పిల్లవాణ్ణి మళ్ళీ ఎవరూ కదిలించడం నేను చూడలేదు.

శ్రుతిలయ:
ఇంట్లో పిలవడానికి మరో పేరు ఉండటం మనకు కొత్త కాదన్న సంగతి కూడా పెద్దలకు గుర్తుచేయండి. పూర్వం కోడలు మామగారి పేరు, భార్య భర్త పేరు నోటితో పలికేది కాదు. తాత పేరు మనవడికి పెడితే ఆ ఇంటి ఆడవాళ్ళకు బిడ్డను పిలిచే దారి లేక అబ్బాయి, బుజ్జి, చిన్నా, పేరింటివాడు అని పిలుచుకునేవారు. అలా ప్రతి సుబ్బారావుకూ ఇంట్లో ఇంకొక పేరు ఉండేది.

కలువకొలను:
మీ అందరికీ నాలుగు నెలల తరువాత రాస్తున్నాను, క్షమించాలి. బాబు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున బారసాల చేశాం.

మీరు రాసినవన్నీ అచ్చు తీసి మా అత్తగారికి చదివి వినిపించాను. ఆమె అంతా విని, కార్తికేయ అని పెట్టాలని తాను మనసులో అనుకున్నానని, ఆ స్వామే ఈ స్వామి అయినప్పుడు తనకు పేచీ లేదని అన్నారు. నక్షత్రం ప్రకారం వేరే అక్షరం వచ్చింది, ఆ పేరు జాతకంలో ఉంటుంది. జనన నమోదులో సుబ్బారావు అని, ఖాళీ లేకుండా, రెండు లిపుల్లోనూ రాయించాం. అత్తగారు ఇంట్లో కార్తీక్ అని పిలుచుకుంటున్నారు.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి మా వారు ఉంగరంతో పేరు రాశారు. చివరి అక్షరం రాసేటప్పుడు పళ్ళెం కాస్త కదిలి, బ్బా దగ్గర గింజలు జారి దీర్ఘం చెరిగిపోయింది. ఎవరూ గమనించలేదు. మా అమ్మ గమనించింది. ముందుకు వంగి, చూపుడు వేలితో గింజలను మెల్లగా పక్కకు జరిపి ఆ దీర్ఘాన్ని సరిచేసింది. పురోహితుడు పేరు పైకి చదవమన్నప్పుడు అందరం చదివాం. అమ్మ మాత్రం పెదవి కదపకుండా, బాబును ఒడిలోకి తీసుకుని, పేరింటివాడా అని పిలిచింది.